ఇంటూ కొట్టిన ఇరవై మూడు ఫోటోలు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడి కూడా పెద్దగా బాధపడినట్టు గుర్తు లేదు. ఆ తర్వాత నేను చదివినవన్నీ ముఖాలే. చందానగర్ మార్కెట్ వెనక సందులో నాదొక చిన్న స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో ఏడాది నిండిన పిల్లల పుట్టినరోజులు. ఇరవై రెండేళ్ళుగా ఎవరెవరి పెళ్ళాలనో "జర నవ్వండమ్మా" అని బతిమాలాను. నా పెళ్ళాన్ని మాత్రం ఒక్కసారీ బతిమాలలేదు. మా పెళ్ళి ఆల్బం ఒక వానాకాలం నానిపోయాక ఇంట్లో ఆమె ఫోటోలు రెండే మిగిలాయి. ఓటరు కార్డు మీద ఒకటి, ఆఫీసు బ్యాడ్జి మీద ఒకటి. రెండూ వేరేవాళ్ళు తీసినవే. ఓటరు కార్డు మీద ఉన్నది ఆమేనని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలి.

మా ఆవిడ హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్ కీపింగ్ సూపర్‌వైజరు. పదో తరగతి పాసు. మా ఇంట్లో చదువంటే ఆమెదే. కరెంటు బిల్లు నుంచి బ్యాంకు మెసేజి వరకు ఇంగ్లీషులో ఏదొచ్చినా ఆమె ముందు పెట్టి, ఆమె చదువుతుంటే నాకు ముందే తెలిసినట్టు తల ఊపుతాను. ఈ పద్ధతి మా మధ్య ఏళ్ళ తరబడి చక్కగా నడిచింది. ఒక్కరోజు తప్పాను. ఆ ఒక్కరోజు గురించే ఇదంతా.

రొమ్ములో గడ్డ అని తేలిన రోజు దవాఖానలో డాక్టరమ్మ అంతా వివరంగా చెప్పింది. ముందు మందు ఎక్కిస్తారు, మూడు వారాలకొకసారి. తర్వాత ఆపరేషన్. జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది. నేను గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎన్ని దినాలకు రాలుతది మేడం?"

"మొదటి డోసు అయ్యాక రెండు మూడు వారాల్లో."

ఆటో మియాపూర్ దాటాక నా మోచేతిని పొడిచింది.

"ఓ ఫోటోగ్రాఫర్ సాబ్, ఖాళీ ఉన్నదా మీకు? ఒక ఆర్డర్ ఉన్నది."

"ఎవల్దే?"

"ఒక ఆమెకు నడుం దాంక జడ ఉన్నదట. ఉన్నప్పుడే తీపిచ్చుకుంటదట."

ఆమె జడ నిజంగానే నడుం దిగి ఉండేది. పొద్దున్నే తల దువ్వుకుంటుంటే గది సగం ఆమెదే. దువ్వెన తగులుతుందని నేను మంచం అవతలి వైపు నుంచి దిగేవాణ్ణి. కోపం వస్తే జడను కొరడాలాగా వెనక్కి విసిరేది. ఆ విసురు చూసే ఆ రోజు నాకు అన్నం పెడుతుందో లేదో చెప్పగలిగేవాణ్ణి.

మొదటి డోసుకు ముందున్న ఆదివారం పొద్దున్న ఆర్డరు పూర్తి చేశాం. ముందు మా మేడ మీద, ఆకుపచ్చ పట్టుచీరలో. తర్వాత ఆమె పనిచేసే బిల్డింగు ముందు, యూనిఫారంలో. యూనిఫారం ఎందుకే అంటే, "పదకొండేండ్లు ఏసుకున్న. గీ పట్టుచీర కట్టుకున్నది నాలుగు పెండ్లిళ్ళకు" అంది. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీ. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మాత్రం పరిగెత్తుకొచ్చాడు. ఆమెకు బాగా తెలిసినవాడే.

"అక్కా, కెమెరా అలో లేదక్కా. పైన కెమెరాల చూస్తరు."

"పైన కెమెరా నన్ను పదకొండేండ్ల సంది చూస్తున్నది తమ్మీ. ఒక్క ఫోటోనన్న ఇచ్చిందా?"

"సార్లు అడిగితే ఏం చెప్పాలక్కా?"

"గీ అద్దం తుడిపిచ్చింది నేను. తుడిచింది మంచిగున్నదా లేదా అని నా మొఖం చూసుకుంటున్న అని చెప్పు."

అతను నవ్వి, అటు తిరిగి నిలబడ్డాడు. అంత మర్యాదగా రూలు తప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మొత్తం నూట అరవై నాలుగు తీశాను. అన్నీ పచ్చి ఫైళ్ళే, ఇంగ్లీషులో 'రా' అంటారు. తెలియనివాళ్ళకు ఒక మాట. కెమెరా మామూలుగా ఇచ్చే ఫోటో హోటల్లో వడ్డించిన అన్నం. ఉప్పు తక్కువైతే మీ ఖర్మ. పచ్చి ఫైలు బియ్యం. వెలుగు, రంగు, నీడ అన్నీ మనమే వండుకోవాలి. కాకపోతే పొయ్యి కావాలి. ఆ పొయ్యే సాఫ్ట్‌వేర్. పెళ్ళిళ్ళకు నేనెప్పుడూ వండిన అన్నమే తీసేవాణ్ణి. ఆల్బంలో ఎలాగూ అందరూ తమ ముఖమొక్కటే చూసుకుంటారు. ఈమెకు మాత్రం బియ్యం తీశాను. సన్నబియ్యం.

ఇక సాఫ్ట్‌వేర్ వెతకడం మొదలుపెట్టాను. ఈ ఊళ్ళో "సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను" అంటే కూతురికి సంబంధం చూస్తున్నారనుకుంటారు. టీ కొట్టు దగ్గర ఒకాయన నిజంగానే ఏ కంపెనీ, ప్యాకేజీ ఎంత అని అడిగాడు. నేను కూడా సంబంధాలు చూసినట్టే చూశాను.

మొదటిది పెద్ద పేరున్నది. నెల నెలా కిరాయి. నేను పాతికేళ్ళు కిరాయి ఇళ్ళల్లో బతికినవాణ్ణి, ఆ మాటకు భయం లేదు. కానీ నా పాత కంప్యూటరును చూసి లోపలికే రానివ్వలేదు. రెండోది ఒక్కసారి కొంటే మనదే. చర్మం రంగు అద్భుతంగా తెస్తుందని అందరూ అన్నారు. అయితే వాళ్ళు చూపించిన చర్మాలన్నీ తెల్లవాళ్ళవి. మా ఆవిడ చామనఛాయ దాని చేతిలో పడితే ఇటుక రంగయ్యింది. మూడోది కెమెరా కంపెనీ వాళ్ళదే. కుదురైనదే, కానీ ఒక్క ఫోటో తెరిచేలోపు టీ తాగి, గ్లాసు కడిగి రావచ్చు. నాలుగోది పూర్తిగా ఉచితం. ప్రపంచంలో ఎవరెవరో పుణ్యాత్ములు కలిసి చేశారట. తెరిస్తే విమానం నడిపేవాడి ముందుండేటన్ని మీటలు. ఏది నొక్కితే ఎక్కడ దిగుతామో తెలియదు.

తెల్లాపూర్‌లో నేను పుట్టినరోజులు తీసే ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఫోన్ చేసి అడిగాను.

"అన్నా, ఏదైనా తీసుకో. ఇప్పుడన్నీ నాన్-డిస్ట్రక్టివ్."

"అంటే ఏంది సార్?"

"నువ్వు ఎన్ని మార్పులు చేసినా అసలు ఫైలుకు ఏం కాదు. ధైర్యంగా చెయ్యి."

అసలుకు ఏం కాదు. ఆ మాట ఆ నెలలో నేను రెండు చోట్ల వినాలనుకున్నాను. ఒక్కచోటే విన్నాను.

ధైర్యం చెప్పినా నేను ఎంచుకోలేదు. ఒకరోజు మొదటిది, ఒకరోజు నాలుగోది. హిందీలో వీడియోలు, తెలుగులో వీడియోలు, మాట లేకుండా సంగీతం మాత్రమే ఉన్న వీడియోలు. దేన్ని పరీక్షించడానికైనా తెల్లాపూర్ పిల్లల ఫోటోలే వేసేవాణ్ణి. ఆమెది ఒక్కసారి, ఇటుక రంగు వచ్చినప్పుడు, తెరిచాను. పెద్దది చేస్తే మెడ దగ్గర ఎముక కనిపించింది. అది ఎప్పటినుంచి అలా ఉందో నాకు తెలియదు. వెంటనే మూసేశాను. ఏదో ఒకటి ఎంచుకుంటే దాంట్లో ఆమె ముఖం తెరవాలి, తెరిస్తే చూడాలి. సంబంధాలు తిరగగొడుతున్నన్ని రోజులు ఆ బాధ లేదు.

ఆమె రోజూ అడిగేది.

"గా ఫోటోలు ఏమాయె?"

"సాఫ్ట్‌వేర్ చూస్తున్నానే."

"నన్ను చూడరాదు జర."

అలా పద్దెనిమిది రోజులు. పద్దెనిమిదో రోజు నేను స్నానం చేసి వచ్చేసరికి దిండు మీద గుప్పెళ్ళకు గుప్పెళ్ళు. ఆమె చీపురు తెచ్చి తనే ఊడ్చింది. నా చేతికి ఇవ్వలేదు. "సూపర్‌వైజర్‌ను, నాకు నచ్చేటట్టు నువ్వు ఊడుస్తవా?" అని, హఫీజ్‌పేట్‌లో ఎరిగిన పార్లరుకు ఒక్కతే వెళ్ళి గుండు చేయించుకుని, తలకు చున్నీ కట్టుకుని వచ్చింది.

"ఎట్లున్న?"

నేను జోకు వేయబోయి, ఆమె చేతిలోని సంచి అందుకున్నాను.

"పో, పొయ్యి ఆ ఫోటోలు చెయ్యి. దవాఖానకు పోయిన్నాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి చూపియ్యి. నాలుగు గంటలు కూసోవాలె ఆడ."

మధ్యాహ్నమే స్టూడియోకి పోయి షట్టరు సగం దించి కూర్చున్నాను. ఉచితంగా వచ్చినదాన్నే ఖాయం చేశాను. ఎందుకంటే ఆ క్షణంలో తెరిచి ఉన్నది అదే. మూడు వారాల పెళ్ళిచూపుల తర్వాత గుమ్మంలో నిలబడ్డవాడికిచ్చి చేసినట్టు.

నాకు పని నేర్పిన గురువుగారిది రీళ్ళ కాలం. పెళ్ళి రీలు కడిగి, చిన్న చిన్న నమూనాలు ఒకే కాగితం మీద వేసి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టేవాడు. మంచి ఫోటో మీద ఇంటూ. ఇంటూ ఉంటే పెద్ద సైజు తీయాలి. టిక్కు ఉంటే కస్టమరుకు ఇచ్చేశాం, ఇక ముట్టుకోవద్దని. బడిలో నా లెక్కల మీద పడ్డ ఇంటూలు వేరు, అక్కడి ఇంటూ వేరు. బతుకులో ఇంటూ అంటే మంచిదని నాకు మొట్టమొదట చెప్పినవాడు ఆయనే. అందుకే ఆ గుర్తు నా వేళ్ళలో ఉండిపోయింది.

ఆ రోజు ఒక్కొక్క ఫోటో చూస్తూ, బాగున్నవాటి దగ్గర ఇంటూ లాగా ఉన్న ఎక్స్ మీట నొక్కాను. నొక్కగానే ఫోటో కాస్త మసకబారింది. ఎంచుకున్నట్టు చెబుతోంది కాబోలు అనుకున్నాను. మేడ మీద జడ ముందుకు వేసుకుని నిలబడ్డవి. అద్దంలోకి చూస్తూ జడ చివర రబ్బరు సర్దుకుంటున్నవి. వెనక నుంచి, జడ మొత్తం పొడవు కనిపించేటట్టు తీసినవి. ఇరవై మూడు వచ్చాయి. ఎంత బాగా వచ్చాయంటే నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. చివరకు తెర మీద ఒక డబ్బా లేచి ఇంగ్లీషులో ఏదో అడిగింది. రెండు మాటలు పోల్చుకున్నాను. రిజెక్ట్, డిలీట్. నేను గుర్తు పెట్టనివి రిజెక్టు, వాటిని తీసేయమంటావా అని అడుగుతోంది, ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ అనుకున్నాను. మామూలుగా అయితే ఫోటో తీసి ఆమెకు పంపి, ఇదేమంటున్నదే అని అడిగేవాణ్ణి. ఆ రోజు ఆమెకు చెప్పకుండా అన్నీ సిద్ధం చేసి చూపించాలనుకున్నాను.

అవును అని నొక్కాను.

నూట నలభై ఒకటి మిగిలాయి. మొదటి దాంట్లో ఆమె కళ్ళు మూసుకుని ఉంది. రెండో దాంట్లో చెయ్యి అడ్డం. మూడో దాంట్లో ఏదో అంటూ నోరు తెరిచి ఉంది. కిందికి జరిపాను, పైకి జరిపాను. ఒక్క జడ లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది గురువుగారి ఇంటూ కాదు, మా బడి ఇంటూ.

బయట తగిలించే డిస్కులో ఉన్నవి కాబట్టి కంప్యూటరు చెత్తబుట్టలోకి కూడా పోలేదు. కెమెరా కార్డు తీసి చూశాను. అదే కార్డును చెరిపేసి, దాని మీద రెండు తెల్లాపూర్ పుట్టినరోజులు తీసి ఉన్నాను. పోయినవాటిని తెచ్చే సాఫ్ట్‌వేర్ కోసం మళ్ళీ వీడియోలు. ఒకటి దించి, అదే డిస్కులో పెట్టి నడిపాను. ఫోటోలు పోయిన డిస్కులో కొత్తది ఏదీ పెట్టొద్దు, ఉన్నది కూడా పోతుందని ఆ వీడియో అతను పదిహేనో నిమిషంలో చెప్పాడు. నేను మూడో నిమిషంలోనే దించేశాను.

మరునాడు పొద్దున్నే మాదాపూర్‌లో ఇలాంటి పనులు చేసే ఒకాయన దగ్గరకు డిస్కూ కార్డూ పట్టుకుపోయాను. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"ఏం ఫోటోలండి? పెళ్లివా?"

"నా భార్యవి."

"మళ్ళీ తీసుకోవచ్చు కదండి?"

ఆయన నా ముఖం చూసి, డిస్కూ కార్డూ అందుకున్నాడు. సాయంత్రం దాకా అక్కడే బల్ల మీద కూర్చున్నాను. మనిషి కనిపిస్తే చాలు ఏదో ఒకటి అనే నేను, ఎదురుగా ఒక గుండు మనిషి దువ్వెన జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నా ఏమీ అనలేదు.

"రెండు వచ్చాయండి. కానీ..." అని ఆయన తెర తిప్పాడు. ఒకటి తెరుచుకోలేదు. రెండోది పై నుంచి నుదుటి దాకా ఉంది. పాపిట, బొట్టు పై అంచు. కింద అంతా బూడిద రంగు పలక.

"ఇంకేమన్నా..."

"చేయగలిగిందంతా చేశానండి." ఆయన ఆ మాట అన్న తీరు నేను దవాఖానలో విన్నదే. లేచి వచ్చేశాను.

రెండో డోసు రోజు. ఆటోలో నాలుగు జోకులు తయారు చేసుకున్నాను. దవాఖాన హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె చున్నీ సర్దుకుని చెయ్యి చాపింది.

"తెచ్చినవా? ఇయ్యి."

"పోయినయే."

"ఏం పోయినయ్?"

"ఫోటోలు. మంచియి పోయినయ్. పాడైనయి ఉన్నయ్."

నవ్వింది. ఆటపట్టిస్తున్నానని అనుకుంది. ఇరవై రెండేళ్ళు అబద్ధాలు జోకులుగా చెబితే, నిజం చెప్పినరోజు కూడా జోకే అవుతుంది. నేను నవ్వకపోయేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంటూ సంగతి, డబ్బా సంగతి అంతా చెప్పాను.

"డబ్బాల ఏం రాసుండె?"

"రిజెక్ట్ చేసినయి డిలీట్ చెయ్యాల్నా అని."

"నువ్వేమన్నవ్?"

"అవునన్న."

ఎదురుగా గోడ మీదున్న టీవీ చూసింది. దాంట్లో ఏం లేదు, టోకెన్ నంబర్లే.

"నన్నడగకపోతివి" అంది. తిట్టలేదు. తిడితే బాగుండు. తిట్టినప్పుడు వెనక్కి విసరడానికి జడ కూడా లేదు.

"ఉన్నయన్న చూపియ్యి."

ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కటి చూసుకుంటూ పోయింది. వీటిలోనే అసలు నువ్వున్నావే అని అందామనుకున్నాను. ఆమె ముఖం చూసి మానుకున్నాను. ఆమెకు కావలసింది జడ. అది వాటిలో లేదు. ఒక చోట చెవి వెనక మొదలై భుజం దగ్గర కనిపించకుండా పోయింది, అంతే. కొంతసేపటికి ఆమె వేలు ఆగింది.

"పదిహేడు తర్వాత పంతొమ్మిది ఉన్నది. పద్దెనిమిది ఏది?"

"పోయిన దాంట్లది."

"ఏముండె దాంట్ల?"

"మేడ మీద. జడ ముందటికేసుకున్నవ్. ఎడమ భుజం మీదికెళ్ళి. ఎండ వెనకకెళ్ళి పడ్డది, అంచుకు ఎర్రగ కనవడ్డది."

తల ఊపింది. ఇరవై రెండు లేదు. అడిగింది. పిట్టగోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డావు, జడ గోడ కిందికి వేలాడుతుంటే పక్కింటి పిల్లి చూసింది అన్నాను. ముప్పై ఒకటి. ముప్పై రెండు. లేని ప్రతి నంబరు దగ్గర ఆగి, నా వైపు తిరగకుండా అడుగుతోంది. నేను తెరలో ముందున్నదీ వెనకున్నదీ చూసి, మధ్యలో పోయినదాన్ని లాగి చెబుతున్నాను. కూలిన గోడ దగ్గర ఇటుక ఎక్కడుండేదో చెప్పినట్టు. యాభై ఎనిమిది దగ్గర తడబడ్డాను.

"మల్లెపూలు పెట్టుకున్నవ్ చూడు, గదీ..."

"పూలు పెట్టుకోలే నేను ఆ దినం."

నేను ముందుకు జరపబోతే ఆమె నా వేలు ఆపింది.

"నోటికొచ్చింది చెప్పకు. చూసింది చెప్పు. తీసినోనివి నువ్వే కదా? యాదికి లేకుంటే లేదను."

"యాదికి లేదే."

"సరే. అది పోయింది" అని ముందుకు జరిపింది. ఆ యాభై ఎనిమిది నిజంగా పోయింది అప్పుడే.

తర్వాత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాను. చెప్పిన వాటికి కొన్నిటికి ఆమె కళ్ళు మూసుకుని చూసుకుంది. రెండింటికి కాదు అని దిద్దింది, అద్దం ముందు జడ కుడి వైపుంది, ఎడమ కాదు అంది. అద్దంలో చూసి చెప్తున్నవ్ అంది. నిజమే. తొంభై ఐదు దగ్గరకు వచ్చేసరికి లోపల్నుంచి నర్సమ్మ వచ్చింది.

"అమ్మా, మీ టోకెనే. రండి. సార్, మీరు ఇక్కడే కూర్చోవాలండి."

ఆమె ల్యాప్‌టాప్ నా ఒళ్ళోకి జరిపి లేచింది.

"తొంభై ఆరు లేదు. నేనొచ్చేదాంక యాదికి తెచ్చుకో. పూలు గీలు పెట్టకు."

తలుపు మూసుకుంది. తొంభై ఐదులో ఆమె వంగి చెప్పు పట్టీ సర్దుకుంటోంది. తొంభై ఏడులో బిల్డింగు వైపు తిరిగి ఉంది, ముఖం సగమే. ఆ రెండింటి మధ్య ఆమె లేచి నిలబడి నన్ను ఏదో అడిగింది. అంతవరకు ఖాయం, ఎందుకంటే నేను కెమెరా కంటి నుంచి తీయకుండానే ఏదో జవాబిచ్చాను. షట్టరు అప్పుడే నొక్కాను. అడిగిందేమిటో వినలేదు. వెలుగు చూసుకుంటున్నాను.

పక్క కుర్చీలో ఒకావిడ, టైమెంతైంది అన్నా అని అడిగింది. చెప్పాను. తొంభై ఐదు తెరిచాను. తొంభై ఏడు తెరిచాను. మళ్ళీ తొంభై ఐదు తెరిచాను.